ఆమె చేతికందే తాళ్ళు

ఆదివారం, సాయంత్రం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. నువ్వూ, మీ ఆవిడా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను.

మీ అక్క చివరి రోజు ఏం జరిగిందో రాయమన్నావు. పొద్దున్నే పడవ తీశాం. గాలి మితంగా ఉంది. దీపస్తంభం దాకా వెళ్ళి వెనక్కి మళ్ళాం. మీ అక్క క్యాబిన్ గోడకి ఆనుకుని కూర్చుంది. రేవు చేరాక తాడు కట్టి, దిగమన్నాను. లేవలేదు. గుండె ఆగి కాసేపయిందని డాక్టరు చెప్పాడు. అంతే.

"పక్కనే ఉన్నావు కదా బావా, నీకెలా తెలియలేదు?" అని ఫోన్లో అడిగావు. దాని సంగతి తర్వాత.

ముందు పడవ సంగతి. అమ్మెయ్యమంటున్నావు. అమ్మబోయాను కూడా.

గుండె జబ్బు నాది. ఆపరేషను నాది. మాత్రల డబ్బా నాది. ఉద్యోగాలయ్యాక సముద్రాలు చుట్టొద్దామని పడవ వెతికినప్పుడు మాకున్న లెక్క ఒక్కటే. నడిసముద్రంలో నేను పోతే, ఆమె ఒక్కతే ఒడ్డు చేరాలి. నాకు పొడుగాటి పడవ నచ్చింది, బాణంలా పోయేది. "తుఫానులో దీని తెరచాప నేనొక్కదాన్నే దించాలా? నువ్వు పైనుంచి దిగొచ్చి సాయం పడతావా?" అంది. చిన్నది, బరువైనది, నత్తలా నడిచేది కొన్నాం.

ఆ తర్వాత ప్రతిదీ ఆమె కొలతకే. పడవ ముందుకి పాకే పని లేకుండా తెరచాప తాళ్ళన్నీ వెనక, ఆమె కూర్చునే చోటికి మళ్ళించాం. తాళ్ళు లాగే గిలకల పిడులు ఆమె మోచేతి ఎత్తులో బిగించాం. పొయ్యి ఆమె నడుము ఎత్తు. లంగరు లాగడానికి మోటారు పెట్టించాం.

ఏది బిగించినా దానికో పరీక్ష ఉండేది. నేను చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆమె ఒక్కతే పడవ నడపాలి. దానికి శవం ఆట అని పేరు పెట్టింది. నేను ఉండబట్టలేక "అది కాదు, పక్క తాడు" అంటే, "శవాలు సలహాలివ్వవు, నోర్మూసుకో" అనేది. ఇవన్నీ బిగించిన పడవల షెడ్డు మేస్త్రీ చెవులు మూసుకునేవాడు. "కొత్త పడవెక్కి అవేం మాటలమ్మా!" అనేవాడు. "మీ అయ్యగారికి ఊరుకోవడం నేర్పాలంటే ఇదొక్కటే దారి" అని మీ అక్క.

ఇన్నాళ్ళూ శవంగా కూర్చున్నవాడికి ఇప్పుడా పడవలో ఏదీ సరిపడటం లేదు. క్యాబిన్ గుమ్మం నెత్తికి తగులుతుంది. పిడులు మోకాళ్ళకి కొట్టుకుంటాయి. పడక మీద కాళ్ళు చాచలేను. "పడక పొడిగించమంటారా, మిమ్మల్నే కాస్త కత్తిరించమంటారా?" అన్నాడు మేస్త్రీ. నవ్విద్దామనే అన్నాడు పాపం. పిడులు కూడా పైకి జరుపుతానని రెంచి పట్టుకొచ్చాడు. వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోనని అరిచాను. మర్నాడు నేనే వెళ్ళి, ఎందుకు జరపలేదని మళ్ళీ అరిచాను. అతను రెంచి నా చేతికిచ్చి, "ఏదో ఒకటి తేల్చుకుని పిలవండి సార్" అని వెళ్ళిపోయాడు.

నిన్న కొనడానికి భార్యాభర్తలు వచ్చారు. ఆయన అన్నిటికీ వంక పెట్టాడు. "ఇదేం పొయ్యండీ, బొమ్మరింట్లో పెట్టినట్టు? పీకించేద్దాం" అన్నాడు. ఆయన భార్య వెళ్ళి మీ అక్క చోట కూర్చుంది. చెయ్యి చాచగానే పిడి దానంతటదే చేతిలోకొచ్చింది. "నాకోసమే చేసినట్టుందే!" అంది.

మంచి మాటే. లేవమన్నాను. పడవ అమ్మడం లేదన్నాను. "మరి మమ్మల్ని పిలిచిందెవరు?" అన్నాడాయన. నేనే.

ఒకరి కొలతకి కుట్టిన రవిక ఇంకొకరు తొడుక్కుని తిరుగుతున్నట్టుంది నా అవస్థ. విప్పలేను, ఉంచుకోలేను. ఎవరి మీద కోపమో తెలియదు. లెక్క తప్పింది మాదే. ఆమె ఒక్కతే మిగిలితే ఎలాగని అన్నీ అమర్చాం. రెండో మాట మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

అమ్మెయ్యమని ఇంక రాయకు. పిడులు జరపను. పడక మాత్రం పొడిగిస్తాను, అది తప్పదు.

పిల్లలకి ముద్దులు.

ఉంటాను,
మీ బావ

తా.క.: నువ్వడిగినదానికి జవాబు రాయకుండానే సంతకం పెట్టేశాను. ఆ రోజు రేవు దాటగానే మీ అక్క చుక్కాని నా చేతికిచ్చింది. "కూర్చుని కూర్చుని మొద్దబ్బాయివైపోయావు. ఇవాళ శవం నేను" అంది. నాకెదురుగా కూర్చుని చేతులు కట్టుకుంది. కళ్ళు మూసుకుంది. దీపస్తంభం దగ్గర మళ్ళేటప్పుడు తాళ్ళు చిక్కుపడ్డాయి. ముందు ఏది వదలాలని అడిగాను. పలకలేదు. గట్టిగా అడిగాను. ఇంత మొండితనమా అని విసుక్కున్నాను. ఆట ఆటే కదా అనుకుని, చిక్కు నేనే తీసుకున్నాను. ఎక్కడా తగలకుండా రేవుకి చేర్చాను. తాడు కట్టి, ఇప్పుడైనా మెచ్చుకుంటుందని చూశాను. చేతులు అలాగే కట్టుకుని ఉన్నాయి.

అందుకే తెలియలేదు.

రేపు పొద్దున పడవ తీస్తాను. ఒక్కణ్ణే దీపస్తంభం దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. దారిలో ఎవరినీ ఏమీ అడగను.