ఏడు కుర్చీలు

కార్యదర్శి గారికి,

కంచరపాలెం నుంచి నమస్కారాలు. మా పాత ఉత్తరాంధ్ర మహిళల నెట్‌బాల్ జట్టు పేరు మీద నాకొక్కదానికే సన్మానం చేస్తామని రాశారు. గోల్స్ అన్నీ నేనే వేశానట. వేశాను, కాదనను.

కానీ మీరు క్రికెట్ మనిషి కాబట్టి ఒక మాట చెప్పాలి. మా ఆటలో జట్టుకి ఏడుగురు, బంతి పట్టుకుని ఎవరూ పరుగెత్తకూడదు. చేతికి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. రింగు కింద నిలబడ్డ నా దగ్గరికి బంతి దానంతటదే నడిచి రాలేదు.

పోతమ్మ విసిరేది. పడవలోంచి చేపల గంపలు అందుకుని పెరిగిన పిల్ల. ప్రాక్టీసు రింగుకి వల లేకపోతే వాళ్లమ్మ పాత చేపల వల కోసి కట్టింది. అది చూసి దారిన పోయే ఒకాయన, "ఏటమ్మా, సేపలు పడతారేటి ఇక్కడ?" అని నవ్వాడు.

"కప్పు పడతాం బాబూ, సూత్తా ఉండు," అంది పోతమ్మ.

పట్టాం. ఆ ఏడాదే.

జట్టు రద్దయి చాలా ఏళ్లయింది గానీ మేమంతా ఈ ఊళ్లోనే ఉన్నాం. సూర్యకళ సీతమ్మధారలో నర్సు. పోతమ్మకి పొద్దున్నే హార్బర్‌లో చేపల వేలం ఉంటుంది, అందుకని సభ సాయంత్రం పెట్టండి. మిగతా వాళ్లకి నేను కబురు చేస్తాను.

వేదిక మీద మాత్రం ఏడు కుర్చీలు వేయించండి. ఆరే దొరికాయంటే కంగారుపడకండి. నేను కింద కూర్చుని చప్పట్లు కొడతాను.

ఇట్లు,
ఆ ఏడుగురిలో ఒకతె