మొదటి గ్లాసు

సెర్రలుంగా,
22 నవంబరు 1998

చిరంజీవి డెల్ఫీనాను అమ్మమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. మీ నాన్న సెవెరీనోకు నడుం నొప్పి తగ్గింది. ద్రాక్ష కోత పద్దెనిమిది రోజుల్లో ముగిసింది. నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు సంగతులు అడిగావు.

జెనోవాలో మీ హోటలు యజమాని చేపల కూరతో మన ఎర్ర వైన్ బరోలో పోయమంటున్నాడని రాశావు. వద్దని చెప్పు. ఆ వగరుకు కొవ్వు కావాలి. చేప పక్కన తాగితే నోట్లో ఇనుము చప్పరించినట్టుంటుంది. గొడ్డుమాంసం రాత్రంతా అదే వైన్‌లో నానాలి, సన్నని సెగ మీద నాలుగు గంటలు ఉడకాలి. మాంసం తిననివాళ్లకు బాగా నిలవ చేసిన చీజ్ పెట్టు. ఇదంతా నీకు తెలుసు. ఆయనకు చూపించడానికి నా చేతిరాత కావాలి, అంతేగా.

నువ్వు పుట్టిన ఏడాది సీసాలు ఎన్ని మిగిలాయన్నావు. ఆ 1971వి ఇంకా ఐదున్నాయి. బిరడాలు ఎండిపోకుండా పడుకోబెట్టే ఉంచాను.

జనవరిలో పట్టిన జలుబు పూర్తిగా తగ్గిందా అన్నావు. దీనికి జవాబు కొంచెం పొడుగు.

పోయిన ఆదివారం నా స్నేహితురాలు చెలెస్తీనా భోజనానికి వచ్చింది. దాని నోరు నీకు తెలుసు. 1982 సీసా తెరిచాం. ఎప్పటిలాగే మొదటి గ్లాసు నాకు పోశారు. వాసన చూసి తల ఊపాను. అప్పుడు అందరికీ పోశారు. ఎవరి గ్లాసూ రెండోసారి పైకి లేవలేదు.

"ఏం సెవెరీనో, బాగాలేదా?" అన్నాను.

"బాగుంది అత్తయ్యా, చాలా బాగుంది," అంటూ ఆముదం తాగినట్టు మింగాడు.

చెలెస్తీనా గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏమే ఒట్టీలియా, ముక్కు ఎక్కడ పారేసుకున్నావే? బిరడా చెడిపోయి తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోంది! ఈ అల్లుణ్ణి చూడు పాపం, నువ్వు తల ఊపితే సున్నం నీళ్లయినా తాగేస్తాడు."

"అబ్బే, అంతేం లేదండీ," అంటూ మీ నాన్న ఇంకో గుక్క వేయబోయాడు. మీ అమ్మ గ్లాసు లాక్కుని నా వైపు చూసింది. మార్చి నెల ఆమెకూ గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

ఆ మార్చిలో నీ పుట్టినరోజున నువ్వు పొద్దున్నే 1971 సీసా తెరిచి, గాలి తగిలి రుచి విచ్చుకోవాలని వెడల్పాటి కూజాలోకి ఒంపి, మాంసం వండావు. ఆ రోజు మన హోటలు వంటిల్లు నీకు అప్పగిస్తానని అందరికీ చెప్పి ఉంచాను. తీరా వాసన చూసి, "తొందరపడి తెరిచి చంపేశావు. ఇందులో ప్రాణం లేదు. సీసా తెరిచే వేళ తెలియనిదానికి వంటిల్లు ఎలా ఇస్తాను?" అన్నాను, పదకొండు మంది ముందు. "క్షమించు అమ్మమ్మా" అన్నావు నువ్వు. తొమ్మిదో రోజున జెనోవా వెళ్లిపోయావు.

ఆ వైన్‌లో ఏ లోపమూ లేదు. జలుబు తగ్గింది, పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకుపోయింది.

పొరపాటు పడ్డానని రాసి ఇక్కడితో ఆపవచ్చు. అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ ఉదయం కాఫీకి వాసన లేదు. నా పక్కనే ఉల్లిపాయలు మాడుతుంటే నువ్వు పరుగెత్తుకొచ్చి దించావు. నాకు అప్పుడే తెలుసు, డెల్ఫీనా. నలభై ఏళ్లుగా నేను తల ఊపనిదే ఎవరూ తాగని బల్ల దగ్గర, వాసన తెలియడం లేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. నీ మీదకు నెట్టడానికి సిగ్గుపడలేదు.

ప్రతి సీసాకూ తేదీ, వంటకం, రుచి రాసుకునే నా నోటుపుస్తకంలో, మార్చి 15 దగ్గర "చచ్చిన వైన్. డెల్ఫీనా తొందరపాటు" అని ఉంది. ఈ మధ్యాహ్నం ఆ పదకొండు మందినీ పిలిచి, నిలబడి ఆ పంక్తి చదివాను. అబద్ధమని చెప్పి వాళ్ల ముందే కొట్టేశాను. "అంత మంచి వైన్ మళ్లీ తాగలేదు అత్తయ్యా," అన్నాడు మీ నాన్న. ఎనిమిది నెలల తర్వాత.

కొట్టేసిన చోట ఏం రాయాలో నాకు తెలియదు. అక్కడ ఖాళీ వదిలాను. నువ్వే రాయాలి.

వంటిల్లు నీది. రావాలా వద్దా అన్నది నీ ఇష్టం. వస్తే మొదటి గ్లాసు నీకు పోస్తాను. నువ్వు తల ఊపేదాకా నేను నాది ముట్టుకోను.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన
అమ్మమ్మ