మల్లేశ్ వేళ్లకు అందని పిల్లనగ్రోవి

గురువారం, ఫరీజ్ బిన్ మహమూద్ పేట

పిల్లనగ్రోవికి లేజర్‌తో రంధ్రాలు వేసే నా పద్ధతికి పేటెంట్ ఇచ్చినట్టు ఈరోజు మెయిల్ వచ్చింది. ఆరేళ్ల కష్టం. సంతోషపడే ఓపిక కూడా లేదు. లేజర్‌తో దుకాణాల పేరు బోర్డులు కోసే షాపులో డ్యూటీ ముగించుకుని వచ్చి, నా గదిలోనే ఉండే మల్లేశ్‌కు ఆ పద్ధతిలో చేసిన పిల్లనగ్రోవి ఇచ్చాను. ఇప్పుడు ఈ గల్ఫ్‌లో బిల్డింగ్ సైట్లో ఇనుప చువ్వలు కడుతున్నాడు గానీ, ఊళ్లో భజనలకు వాయించేవాడు.

మొదటి స్వరం చక్కగా పలికింది. ఆ తర్వాత అంతా గాలే.

"శ్రుతి మంచిగున్నదన్నా. నా వేళ్లే వంగుతలేవు," అంటూ కాయలు కాసిన చేతులు చూపించాడు.

వెదురును వెంట్రుకంత తేడా లేకుండా కొలిచాను. వాయించేవాడి చేతిని ఒక్కసారీ కొలవలేదు.

అతని అరచేతిని కాగితం మీద పెట్టించి చుట్టూ గీశాను. రంధ్రాలు ఆ వేళ్లకు అందేలా జరిపితే స్వరం మారుతుంది. లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి...

మల్లేశ్ ఆ కాగితాన్ని నలగకుండా మడిచి నా చేతిలో పెట్టి, "పైలంగ పెట్టుకో అన్నా" అన్నాడు.