ఐదు గంటల పది నిమిషాల బస్సు, నలభై ఏడో కుర్చీ

చట్టసభ కార్యదర్శి గారి సముఖమునకు,

ప్రతిపక్ష వరుసలలో చివరి బల్ల, నలభై ఏడవ కుర్చీలో కూర్చొనవలసిన సభ్యుడు వ్రాసుకొన్న విన్నపము.

విషయం: ఉదయం ఐదు గంటల పది నిమిషాల బస్సు రద్దు గురించిన నా ప్రశ్న నాలుగు పర్యాయములు జాబితాలోనికి వచ్చియు అడుగబడకపోవుట – తగు ఉత్తర్వులు కోరుట – గురించి.

అయ్యా,

ఈ వ్యవహారంలో తప్పు ఎవరిదని తమరు వెతికితే సగం నాదేనని తేలుతుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, తరువాత ఫైలులో ఎర్ర సిరాతో రాయించే శ్రమ తమకు లేకుండా.

1. మా నియోజకవర్గంలోని చివరి పేట నుంచి బట్టల ఫ్యాక్టరీకి ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు ఒక బస్సు ఉండేది. నలభై ఒక్కమంది ఆడవాళ్లు అందులో వెళ్లి ఆరింటికి మెషీన్ల ముందు కూర్చునేవారు. వారిలో మా అక్క ఒకరు. కాలర్లు కుట్టే వరుసలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నది. నేను సభ్యుణ్ణి కాకముందు అదే ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్‌ని. ఆ బస్సులోనే నిలబడి ఓట్లు అడిగాను. వాళ్లు ఆవులిస్తూనే సరేనన్నారు.

2. ప్రయాణికుల ఆదరణ లేదనే కారణముచే సదరు బస్సు రద్దు చేయబడినది. ఆదరణ ఎంత ఉన్నదో లెక్కించుటకు రవాణా శాఖ వారు ఒక అధికారిని పంపినారు. ఆయన చాలా శ్రద్ధగల మనిషి. తెల్లవారకముందే వచ్చి, బస్సులో చివరి సీటులో కూర్చుని, ముగ్గురు ప్రయాణికులు, ఒక బియ్యం బస్తా అని రాసుకుని వెళ్లారు. ఆ రోజు ఫ్యాక్టరీకి వారపు సెలవు. కండక్టరు ఆ మాట చెప్పబోతే, "నువ్వు నాకు పాఠాలు చెప్పకు" అన్నారట.

3. అప్పటినుంచి నలభై ఒక్కమందీ చీకటితో లేచి, గంటన్నర నడిచి వెళుతున్నారు. ఆరు దాటితే గేటు మూస్తారు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే పేరు తీసేస్తారు. మా అక్కకు ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు అయింది. ఆమెకు మోకాళ్ల నొప్పి. నెల ముగియడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

4. సభ నిబంధనల ప్రకారం, జాబితాలో ఉన్న ప్రశ్నను పిలిచినప్పుడు సభ్యుడు తన కుర్చీలోంచి లేచి "అధ్యక్షా, ప్రశ్న సంఖ్య ఫలానా" అనవలెను. అంతే. అప్పుడు మంత్రి జవాబు చెప్పాలి. సభలో తేదీ చెబితే ఆ తేదీకి శాఖ పని చేసి తీరాలి. ఆ సమయాన సభ్యుడు కుర్చీలో లేకపోతే ప్రశ్న చచ్చిపోయినట్టే. మళ్లీ నోటీసు, మళ్లీ చీటీల లాటరీ, మళ్లీ ఎదురుచూపు.

మొదటిసారి నా ప్రశ్న వరకు రానేలేదు. అధికార పక్షం సభ్యుడొకరు తన ప్రశ్న అడగడానికి ముందు మంత్రిగారిని పొగడడం మొదలుపెట్టి, పొగడ్త పూర్తయ్యేసరికి ప్రశ్నలకు కేటాయించిన గంట కాస్తా అయిపోయింది.

రెండోసారి మా పార్టీ బయటికి నడిచింది. నేనూ నడిచాను. ఎందుకు నడిచామో ఇప్పుడు గుర్తులేదు, కాని చాలా కోపంగా నడిచాం.

మూడోసారి నేను తెలివి ఉపయోగించాను. మళ్లీ మా పార్టీతో బయటికి నడుస్తూ నా కళ్లజోడు, ప్రశ్న కాగితం బల్ల మీద పెట్టి వెళ్లాను, సభ్యుడు ఇక్కడే ఎక్కడో ఉన్నాడని తమరు గ్రహిస్తారనే ఆశతో. తమ సిబ్బంది కళ్లజోడును దొరికిన వస్తువుల గదికి పంపి, దానికి రసీదు ఇచ్చారు. ప్రశ్నకు మాత్రం రసీదు కూడా లేదు.

5. ఇక నాలుగోసారి. దీని గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు మేము బయటికి వెళ్లింది, ఈ ప్రభుత్వం మా ప్రశ్నలకు జవాబులు ఇవ్వడం లేదని నిరసన తెలపడానికి. సరిగ్గా ఆ సమయానికే అధ్యక్షులవారు నా ప్రశ్న పిలిచారు. రవాణా మంత్రి కాగితం పట్టుకుని లేచి నిలబడ్డారు కూడా. జవాబులు కావాలి, జవాబులు కావాలి అని మెట్ల మీద అందరికంటే గట్టిగా అరుస్తున్నది నేనే.

ఆ సాయంత్రం మా అక్క ఫోన్ చేసింది. ఆ సంభాషణను యథాతథంగా తమ దృష్టికి తెస్తున్నాను.

"ఏరా, అడిగావా?"

"పేరు పిలిచారక్కా."

"పిలిస్తే?"

"బయట ఉన్నాను."

"బయటేం చేస్తున్నావు?"

"జవాబులు చెప్పట్లేదని గొడవ చేస్తున్నాం."

"గొంతు బొంగురుపోయినట్టుంది, వేణ్ణీళ్లు తాగు" అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

6. మరునాడు క్యాంటీనులో రవాణా మంత్రిగారు ఎదురుపడ్డారు. మనిషి మంచివాడే.

"మీరు లోపల ఉంటే చెప్పేసేవాణ్ణే అయ్యా. ఇదిగో, కాగితం ఇంకా జేబులోనే ఉంది" అన్నారు.

"అయితే ఇప్పుడు చదవండి."

"ఇక్కడ చదివితే ఏం లాభం? లోపల చదివితేనే చెల్లుతుంది. తేదీ కూడా వేసి ఉంది తెలుసా?"

తేదీ ఏమిటని అడిగితే నవ్వి, టీ తాగి వెళ్లిపోయారు. నా నియోజకవర్గపు బస్సు ఆయన చొక్కా జేబులో, నా చేతికి అందేంత దూరంలో ఉంది. నాకు ఏడుపొచ్చింది. చట్టసభ క్యాంటీనులో ఏడవడానికి ఏ నిబంధన కింద నోటీసు ఇవ్వాలో తెలియక ఊరుకున్నాను.

7. అదృష్టవశాత్తు వచ్చే గురువారం జాబితాలో నా ప్రశ్న ఏడవదిగా ఉన్నది. దురదృష్టవశాత్తు అదే గురువారం మొదటి పది నిమిషాల్లో బయటికి నడవాలని మా పార్టీ తీర్మానించింది. నేనొక్కణ్ణి కూర్చుంటానని మా పార్టీ విప్‌గారిని బతిమాలాను.

"అందరూ లేచాక ఖాళీ కుర్చీల మధ్య నువ్వొక్కడివే కూర్చుంటే ఫొటోలో ఎట్లా కనపడతావో ఆలోచించావా?" అన్నారు.

"బస్సు కోసమండీ."

"మనం అధికారంలోకి వస్తే పది బస్సులు వేద్దాం. అప్పటిదాకా ఓపిక పట్టమను."

ఓపిక సంగతి ఆయన మోకాళ్ల నొప్పితో గంటన్నర నడిచి వచ్చి చెబితే వినడానికి మా అక్క సిద్ధంగా ఉంటుంది. ఆ మాట పైకి అనలేదు. పార్టీలో క్రమశిక్షణ గల మనిషినని నాకు పేరు. ఆ పేరు వల్ల ఇంతవరకు ఎవరికీ ఏమీ ఒరగలేదు.

కావున తమరు దయతో ఈ దిగువ వాటిలో ఏదో ఒకటి మంజూరు చేయగలరు:

(క) గురువారం ఏడవ ప్రశ్నను మొదటి ప్రశ్నగా పిలుచుట. మా వాళ్లకు లేవడానికి కనీసం ఐదు నిమిషాలు పడుతుంది, ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు.

(ఖ) అది కుదరనిచో, ద్వారం వద్ద నిలబడి, ఒక కాలు సభలోను ఒక కాలు నిరసనలోను ఉంచి, ప్రశ్న అడుగుటకు అనుమతించుట.

(గ) అదియు కుదరనిచో, ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా కూర్చున్న సభ్యుని ఫొటో తీయరాదని ఉత్తర్వులు ఇచ్చుట.

నా కోసం కాకపోయినా, రోజూ చీకట్లో నడుస్తున్న నలభై ఒక్కమంది కోసమైనా ఈ విన్నపమును వెంటనే చిత్తగించవలెనని కోరుచు,

తమ విధేయుడు,
తమకన్నా తన పార్టీకే ఎక్కువ విధేయుడు,
నలభై ఏడో కుర్చీ సభ్యుడు

తా.క.: సంతకం పెట్టి కవరు అంటిస్తుండగా మా అక్క ఫోన్ చేసింది. ఈ ఉదయం నాలుగు నిమిషాలు ఆలస్యమైందట. మూడోసారి. పేరు తీసేశారు. కత్తెర, కొలత టేపు అప్పగించి, మళ్లీ నడిచే ఇంటికొచ్చింది.

నేనేదో చెప్పబోతే ఆపింది. "నా సంగతి అయిపోయిందిలే. సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? ఇంకో ఆరుగురికి ఈ నెలలో రెండేసి ఆలస్యాలు పడ్డాయట. గురువారం నువ్వు మాత్రం లేవకు. నీ కాళ్లకు నొప్పేం లేదు కదా, కూర్చోవడానికి?"

కార్యదర్శి గారూ, పైన అడిగిన మూడూ కొట్టేయండి. కుర్చీలో కూర్చోవడానికి అనుమతి ఏమిటి, నా మొహం. పార్టీ తీసేస్తే తీసేస్తుంది, ఫొటో తీసుకునేవాళ్లు తీసుకుంటారు. గురువారం ఏడో ప్రశ్న పిలిచేటప్పుడు నేను అక్కడే ఉంటాను. ఆ బస్సు తిరిగి వచ్చినా మా అక్క ఇక దాన్ని ఎక్కనక్కర్లేదు. మిగిలిన నలభై మంది ఎక్కాలి.