హార్మోనియం బాగుపడింది

3-2-2003, సోమవారం

గార్లదిన్నె స్కూలు హెడ్మాస్టరు ఈశ్వరప్ప సార్ ఆటోలో ఒక పాత హార్మోనియం తెచ్చి మా అరుగు మీద దించారు. వానల్లేక నాటకాలు ఆగిపోయాయి, పెట్టె ఎలుకల పాలైంది. పిల్లలు వాయించి చూసుకోవడానికి రిపేర్ చేయాలట. నాటకాల మేస్త్రి నరసింహప్ప కూతురివి, నీకు గాక ఎవరికిచ్చేదమ్మా అన్నారు. నాయన పేరెత్తితే నేను కాదంటానా?

పదిహేనో తేదీ నువ్వే వచ్చి పిల్లోల్లకు చూపియ్యల్ల హేమావతమ్మా అని కూడా అన్నారు. లోపల మంచంలో అత్త వెంటనే దగ్గింది. ఆమెకు పక్షవాతం. మొగుడేమో బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. నేను ఊరు దాటి రెండేళ్లయింది.

7-2-2003

గాలి తిత్తి నిండా చిల్లులు. మెత్తటి తోలు అతికించాను. రీడ్లన్నీ విప్పి తుడిచాను. అన్నీ పలికాయి. చివరి మెట్టు కీచుమంటాండాది చూడు అంది అత్త. నిజమే. ఒళ్లు పడిపోయింది గానీ ముసలిదాని చెవులు పడిపోలేదు.

12-2-2003

ఆడబిడ్డ గంగాదేవి గోరంట్ల నుంచి వచ్చి ఒక రోజు అత్త దగ్గర ఉంటుందట. ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసింది. మంచి చీర బయటికి తీశాను. ఎంత సంతోషంగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

14-2-2003, సాయంత్రం

చావు కబురు చల్లగా చెప్పింది గంగాదేవి. పిల్లోనికి జ్వరం, రాలేను వదినా అని. సార్‌కి చెప్పి పంపిస్తే, పెట్టె పంపిస్తే చాలు, మిగతాది పిల్లోల్లే చూసుకుంటారు అన్నారట. చాలట.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మంచం మీద, బెంగళూరు మీద, అందరి మీద.

పెట్టె విప్పి, నడిమి మెట్టు రీడు నాలుక కింద కాగితం ముక్క దూర్చాను. పలక్కపోతే పెట్టె నా దగ్గరికే రావాలి. పిల్లలూ వెంట రాకపోరు. నేను పోలేనప్పుడు వాళ్లే వస్తారు.

నొక్కి చూశాను. గాలి తప్ప ఏమీ లేదు. ఆ మెట్టు నిన్న పలికె గదా అని అత్త అడిగింది. నేను పెట్టె మూత బిగించాను. ఆమె మళ్లీ అడగలేదు.

17-2-2003

పెట్టె స్కూలుకు పోయి రెండు రోజులైంది. ఎవరూ రాలేదు.

20-2-2003

ఆటో చప్పుడైతే నాకంటే ముందు అత్తే అడుగుతోంది, మన ఇంటికేనా అని. ఆమె మీద కోపం కూడా నిలవడం లేదు.

24-2-2003

స్కూల్లో వంట చేసే మా ఊరి సుంకమ్మ వచ్చింది. పిల్లోల్లు శానా బాగా వాయిస్తాండారంట. ఒక మెట్టు పలకలేదని ఎవరూ సార్‌కి చెప్పలేదా అని అడిగాను. ఎందుకు చెప్తారు అంది. హార్మోనియంలో ఆ మెట్టు పలకదు, దాటేయల్ల అని పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పిస్తున్నారట.