దిక్కులేని ఆటగాడికి పళ్లు

కంప్యూటర్ బేస్‌బాల్ లీగులో ఎవరెలా ఆడారో వారం వారం రాసే బాబుగారికి, మీ ముఖమైనా చూడని ఓ ముసలాయన రెండు చేతులా పెడుతున్న దండాలు.

మీ లీగులో ఒక జట్టు మా అమ్మాయిది. అల్లుడు పోయాక మా దగ్గరికొచ్చేసింది. గది దాటేది కాదు, పిలిస్తే పలికేది కాదు. కంచం గుమ్మం దగ్గరే పెట్టేవాళ్లం. మీ రిపోర్టు మాత్రం చదివేది.

ఆ మధ్య కంచం పెట్టడానికి వెళ్తే దిగాలుగా కూర్చునుంది. "ఏమైందమ్మా?" అన్నాను.

"మా జట్టులో బంతి విసిరే కుర్రాడికి భుజం దెబ్బతింది నాన్నా. కొన్నాళ్లు ఆడడట, రిపోర్టులో రాశారు."

"అయ్యో, ఏ తల్లి కన్న బిడ్డో! ఇంట్లోవాళ్లకి కబురు చేశారా? పద, నాలుగు పళ్లు పట్టుకెళ్లి చూసొద్దాం" అంటూ చెప్పులు కూడా వేసేసుకున్నాను.

"వాడు కంప్యూటర్లో బొమ్మ నాన్నా! వాడికి అమ్మా నాన్నా ఎక్కడ?"

"అయితే మరీ పాపం, దిక్కులేనివాడన్నమాట" అన్నాను.

ఇక చూడండి బాబూ, పొట్ట పట్టుకుని నవ్వింది! ఆ నవ్వు విని వాళ్లమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆ పూట ముగ్గురం ఒకచోట కూర్చుని తిన్నాం. అప్పట్నుంచీ మీ రిపోర్టు వంటింట్లోకి తెచ్చి నాకు చదివి వినిపిస్తోంది. నాకు సగం అర్థం కాదు, అయినా ఊఁ కొడతాను.

ఈ వారం ఆ కుర్రాడు కోలుకుని జట్టుని గెలిపించాడని రాశారు. మీరు చల్లగా ఉండాలి, మీ చెయ్యి చల్లగా ఉండాలి! ఎవరేమనుకున్నా సరేనని పళ్లు కొనుక్కొచ్చాను. వాడి వాటా కూడా మా అమ్మాయే తినేసింది.