నా మంచం పక్కన కూర్చునేవాళ్ళకు

డ్రైవింగ్ స్కూలు నడిపి, ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టడం నేర్పి, శిష్యులందరి చేతా బ్రేకమ్మ అనిపించుకున్న నేను, డెబ్బై ఒకటో ఏట, ఆఖరి దశ రోగులను చూసుకునే ఈ ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, స్వస్థచిత్తంతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నర్సు చేత రాయిస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు నా మాట వినడం మానేశాయి గాని బుద్ధి ఇంకా వింటోంది. డాక్టరుగారు పరీక్షించి ఆ మాటే ధ్రువీకరించారు. ఇంతకు మునుపు రాసినవేవీ ఇక చెల్లవు.

1. మూడో అంతస్తులోని నా రెండు గదుల ఇల్లు, డ్రైవింగ్ స్కూలు, పక్క సీటు ముందు రెండో బ్రేకు ఉన్న కారు, నా మేనకోడలికి, అంటే అన్నయ్య కూతురికి, సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. తల్లీ, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ మీద అరవకు. నీ వంతు కూడా కలిపి నేనే అరిచేశాను.

2. కింది వాటా ఆయనకు నా ఆస్తిలో ఏ హక్కూ లేదు. స్కూటరు తిప్పుకుంటూ విరగ్గొట్టి, గాలికి విరిగిందని ఆయన బుకాయించిన నా కారు అద్దం అలమరలో ఉంది. అది మాత్రం ఇవ్వవచ్చును.

3. అమ్మ శాలువా అన్నయ్యకు. ఇన్నేళ్ళూ అడిగినప్పుడల్లా ఇవ్వనన్నాను కాబట్టి, ఇప్పుడెందుకు ఇస్తున్నానో చెప్పాలి.

అమ్మ పోయే రోజున అన్నయ్య తనతో కలిసి ప్రార్థన చేసేవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. గది కిక్కిరిసిపోయింది. అందరూ గొంతెత్తి చదువుతూనే ఉన్నారు. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. అమ్మ పెదవులు కదిలాయి. ఏమందో వినబడలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో తప్ప అన్నయ్యతో మాట్లాడలేదు. దేవుడితో అయితే అదీ లేదు.

ఇక్కడ చేరాక, ఆధ్యాత్మిక సేవ అని బ్యాడ్జి పెట్టుకున్న ఒకమ్మాయి మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది. రోగులందరం ఆమెను కుర్చీ అమ్మాయి అంటాం. నాకు దేవుడితో పనిలేదు, వెళ్ళమన్నాను. అయితే ఆయన సంగతి వదిలేద్దాం, కాసేపు కూర్చోవచ్చా అంది. కూర్చుని, భయపడేవాళ్ళకు బండి నడపడం ఎలా నేర్పుతారని అడిగింది. చెప్పాను. మాటల్లో మాటగా, మరి మీకు దేనికి భయం అంది. చావంటే కాదు, ఆ వేళకి గదంతా జనం నిండి నా మాట ఎవరికీ వినబడదేమోనని, అన్నాను. అని, ఏడ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నేను ఏడ్చినంతసేపూ కూర్చుంది.

తర్వాత అన్నయ్య వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ప్రార్థన పుస్తకం తెరిచి, గట్టిగా అందుకున్నాడు. నేను గోడవైపు తిరిగాను. పక్కనే ఉన్న కుర్చీ అమ్మాయి ఏమ్మా, చెప్పనా అన్నట్టు నా వైపు చూసింది. తలూపాను. అన్నయ్యను వరండాలోకి తీసుకెళ్ళింది. అక్కడే ఉన్న మేనకోడలు చెప్పడం, ఆ అమ్మాయి కోప్పడలేదట. నా భయం సంగతి చెప్పి, మీ అమ్మగారు పోయిన రోజున మీకెలా ఉందండీ అని అడిగిందట. ఆ మాట ఆయన్ను మేమెవ్వరం అడగలేదు.

తిరిగి వచ్చినప్పుడు చేతిలో పుస్తకం లేదు.

"నాకు ఆ రోజు భయమేసింది చెల్లీ. నోరు ఆపితే ఏడుపొస్తుందని ఆపలేదు," అన్నాడు. మంచానికి దగ్గరగా జరిగి, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో చెప్పు," అన్నాడు.

కాళ్ళు తిమ్మిరెక్కాయి, కాస్త పట్టమన్నాను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి మంచం చివర కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్నగారి చేత కాళ్ళు పట్టించుకుంటున్నావా అని పక్క మంచం పంతులమ్మ నవ్వింది. నవ్వనీ. ఆ పూట నాకు ఆయాసం తెలియలేదు.

అన్నయ్యా, శాలువాలో అమ్మ వాసన ఎప్పుడో పోయింది, వెతక్కు. ఊరికే కప్పుకో.

4. నా ఆఖరి గంటల్లో మంచం పక్కన ఇద్దరికి మించి ఉండరాదు. నేనేదైనా అంటే వంగి వినవలెను. అర్థం కాకపోతే మొహమాటపడక మళ్ళీ అడగవలెను. అన్నయ్య తన ప్రార్థన చదువుకోవచ్చును, తనకు మాత్రం వినబడేంత గొంతుతో. నేను నమ్మను, ఆయన నమ్ముతాడు. అయినా ఒక గదిలో ఇమడగలమని ఈమధ్యనే తెలిసింది.

5. కుర్చీ అమ్మాయికి, కారు సీటులో నేను వేసుకునే మెత్త. ఆ ఇనుప కుర్చీలో ఎంతెంతసేపు కూర్చుంటుందో చూశాను. సిబ్బంది కానుకలు పుచ్చుకోరాదని ఆసుపత్రివాళ్ళు అంటే, మెత్తను కుర్చీకి కట్టేసి, కుర్చీకే ఇచ్చినట్టు అనుకోండి.

పై సంగతులన్నీ చదివించుకుని, విని, సమ్మతించి, పన్నెండో తేదీ మంగళవారం ఉదయం చేసిన సంతకం:

బ్రేకమ్మ

సాక్షులు:
వార్డు డాక్టరుగారు
పక్క మంచం పంతులమ్మ (అక్షరదోషాలు దిద్దాకే సంతకం చేసింది)

సాక్షుల్లో అన్నయ్య లేడేమని ఎవరూ అనుకోవద్దు. తనూ సంతకం పెడతానన్నాడు. ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండరాదని డాక్టరుగారు వారించారు. అందుకని, ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోకుండా అంచు పట్టుకుని నిలబడ్డాడు.